గామా వాలులో బురుజు

ఉదయం ఏడున్నర. జుగ్దీదీలో వాన.
కిటికీ అద్దం మీది ఆవిరిని మోచేత్తో తుడిచి
నిన్నటి నెత్తుటి మీద తేరిన లేతపచ్చ నీటిని
జెల్ మీద బొట్లు బొట్లుగా పెట్టాను.
కరెంటు ఇస్తే బొట్లు నడుస్తాయి.
ఎవరి నడక వాళ్ళది.

అందరికంటే ముందు పరిగెత్తేది అల్బుమిన్.
కాలేయం పూటపూటా వండి పంపే సరుకది,
నీటిని నాళాలు దాటిపోకుండా పట్టుకునేదీ అదే.
పట్టు సడలితే?
గుగులీ వచ్చింది పోయినవారం.
పాదం మీద వేలు నొక్కి తీస్తే
గుంట చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.
ముప్ఫై అయిదు దాటాల్సింది ఇరవైరెండు.
"ఉపవాసాలు చేసి మాంసం మానేశాననా?" అంది.
కాదమ్మా. మూత్రం నురగ కడుతోందన్నావు గదా,
జల్లెడ కన్నాలు పెద్దవయ్యాయి,
వడగట్టాల్సింది వదిలేస్తోంది.

అల్బుమిన్ శిఖరం దిగితే చిన్న చిన్న మిట్టలు:
ఆల్ఫా ఒకటి, ఆల్ఫా రెండు, బీటా.
జ్వరమొచ్చినా, ఒంట్లో ఎక్కడో వాపు రగిలినా
ఆల్ఫాలు ఒళ్ళు విరుచుకుంటాయి.
చివర గామా. వెడల్పాటి, మెత్తటి వాలు,
వేల రకాల ప్రతిరోధకాలు
ఎవరి పాట వాళ్ళు పాడుకునే చోటు.
ఇరవయ్యేళ్ళు చాచా తాగిన తెన్గిజ్ కాగితంలో
బీటాకీ గామాకీ నడుమ లోయే పూడిపోయింది.
కాలేయం గట్టిపడితే గీత అలా వంతెన కడుతుంది.

ఇక ఇవాళ్టి పదకొండో గొట్టం.
బిముర్జా. అరవై ఎనిమిది. ఉష్గూలీ.
మొత్తం ప్రోటీను ఎనభై ఆరు,
మా హద్దు ఎనభై మూడు.
మంచు ఘాట్లు దిగొచ్చాడు, దారిలో నీళ్ళు తాగి ఉండడు,
ఎండిన ఒంట్లో అంకె ఊరికే లావవుతుంది.
చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా అంతే.
నీళ్ళు తాగించి, మళ్ళీ తీశాను.
మళ్ళీ ఎనభై ఆరు.
అల్బుమిన్ నలభై, దాని తప్పేం లేదు.
మిగిలింది గ్లోబులిన్ల వాటా.
అది అల్బుమిన్నే దాటేసింది.

గీత చూశాను.
గామా మెత్తటి వాలులో
సన్నగా, నిటారుగా, ఒంటిగా
ఒక బురుజు.

వేల గొంతుల మధ్య ఒకే గొంతు
ఒకే మాటని పదే పదే అంటున్నట్టు.
ఒకే కణం తన నకళ్ళని తానే తీసుకుంటోంది.

చెప్పాల్సింది నేను కాదు, డాక్టర్ నోదారి.
అయినా ముసలాయన కౌంటరు మీదికి వంగి
కాగితం తనవైపు తిప్పుకున్నాడు.
"ప్రోటీన్ ఎక్కువంటే మంచిదే కదా? జున్ను బాగా తింటాను."
తిండి లెక్క కాదు తాతా, ఇది వేరే లెక్క.
"ఇదేమిటి, మా ఊరు గీశావు?"
నాకు నోరు పెగల్లేదు.

నోదారి నెమ్మదిగా చెప్పాడు:
బురుజు ఎత్తు పన్నెండు గ్రాములు,
ముప్ఫై దాటితే సంగతి వేరు.
ఎముకలు ఫొటో తీద్దాం,
కాల్షియం, కిడ్నీ, హిమోగ్లోబిన్ చూద్దాం,
మూలుగ కూడా చూడాల్సి రావచ్చు.
అన్నీ బాగుంటే
ఆరు నెలలకోసారి వచ్చి కొలిపించుకో, చాలు.
చాలామందిలో ఇది ఇలాగే ఉండిపోతుంది.
"కొందరిలో?" అన్నాడు బిముర్జా.
నోదారి అబద్ధం చెప్పలేదు.

టోపీ సర్దుకుని కాసేపు వాన వైపు చూశాడు.
"మా ఇంటి బురుజు ఎవరి మీదికో కట్టారట,
ఎవరి మీదికో మా నాన్నకే తెలీదు.
ఇప్పుడు అందులో ఎండుగడ్డి పోస్తాం.
కాకపోతే, మంచు కరిగిన ప్రతిసారీ
చుట్టూ తిరిగి బీటలు వెతుకుతాను.
నాకది అలవాటే, పిల్లా."

జున్ను ముద్ద ఒకటి కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు.
క్యాలెండరులో అక్టోబరు దాకా తిప్పి
ఒక గడిలో అతని పేరు రాశాను.
తర్వాత, ఎవరూ చూడకుండా,
కాగితం మీద కొలబద్ద పెట్టి మళ్ళీ కొలిచాను.

పన్నెండే.